‘మీ ఒక్కరికే ఇట్లా అయినది’ : సాఫ్ట్‌వేరు లోపాలు – వినని అమ్మకందారులు

నూజివీడు తోటలలో మామిడి పండించేవారికి పండుఈగ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను గుచ్చి, లోపల గుడ్లు పెడుతుంది. కోత నాడు కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. బండి ఎక్కినప్పుడు, బజారులో రాశి పోసినప్పుడు కూడ లోపం కంటికి ఆనదు. కొన్నవారు ఇంటిలో పండు కోసిననాడు పురుగు బయటపడుతుంది. అనగా, లోపం పుట్టేది ఒకచోట, కనిపించేది మరొకచోట. పండించినవానికి ఆ సంగతి తెలియవలెనంటే కొన్నవాడు చెప్పవలెను; చెప్పినప్పుడు ఇతడు వినవలెను.

2013లో మన దేశం నుండి ఐరోపా సమాజానికి పోయిన పండ్లు, కూరగాయలలో 207 సరుకు మూటలందు పురుగులు కనిపించినవని అక్కడివారు లెక్క తేల్చినారు. 2014 మే 1వ తేదీనుండి మన మామిడిని, మరి నాలుగు కూరగాయలను తమ రేవులలోకి రానీయలేదు. మన అధికారులు ఎగుమతి సరుకు పరీక్షను, కాయలను శుద్ధిచేసే పద్ధతులను కట్టుదిట్టం చేసినారు. 2015లో మామిడిపై నిషేధం తొలగినది. ఈ వ్యవహారంలో నష్టపోయిన రైతుల కష్టాన్ని తక్కువచేసి చెప్పలేము. కాని ఒక విషయం గమనించదగినది. ‘మా కాయలలో పురుగు లేదు, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు’ అని మనవారు చెప్పి ఊరకుండుటకు వీలు లేకపోయినది. కొన్నవాని మాట లెక్కలోకి వచ్చినది. ఏలయనగా కొన్నవానికి రేవు మూసివేసే శక్తి ఉన్నది.

ఇపుడు ఇదే విషయం కంప్యూటరు సాఫ్ట్‌వేరులో ఎట్లా జరుగుతున్నదో చూతము. అక్కడ కూడ లోపం తయారైన చోట కనిపించదు; వాడుకరి చేతిలో బయటపడుతుంది. కాని ఒంటరి వాడుకరికి రేవు మూసే శక్తి లేదు. అతడు ఫోనులో గంటసేపు వేచి, తన కష్టం చెప్పుకొని, చివరకు ‘మీ ఒక్కరికే ఇట్లా అయినది’ అనే జవాబుతో తిరిగివస్తాడు. ఈ జవాబు మర్యాదకు లోపమే గాక, శాస్త్రదృష్టికి కూడ లోపమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షకు అందని మార్గాలు

సాఫ్ట్‌వేరు అంటే యంత్రానికి వరుసగా ఇచ్చిన ఆజ్ఞల సముదాయం. ఆ వరుసలో వ్రాసినవాని ఊహకు అందని పరిస్థితి వచ్చినప్పుడు యంత్రం తప్పు పని చేస్తుంది. దీనినే ఇంజనీర్లు ‘బగ్’ అంటారు. మనము లోపం అందాము.

అమ్మేముందు సాఫ్ట్‌వేరును పరీక్షించరా అని విద్యార్థులు అడుగవచ్చును. పరీక్షిస్తారు. కాని ఒక చిన్న లెక్క చేయండి. ఒక దరఖాస్తులో ‘అవును’, ‘కాదు’ అని జవాబు చెప్పవలసిన ప్రశ్నలు 20 ఉన్నవనుకొందాము. వానిని నింపే విధాలు రెండును ఇరవైసార్లు హెచ్చవేయగా వచ్చినన్ని, అనగా 10,48,576. క్షణానికొకటి చొప్పున రాత్రింబవళ్లు పరీక్షించినా పన్నెండు రోజులకు పైగా పడుతుంది. ఇది ఇరవై గళ్ల కాగితం మాత్రమే. నిజమైన సాఫ్ట్‌వేరులో వేలకొలది ఇట్టి మలుపులు, పైగా ఏది ముందు నొక్కినారు, ఎంత త్వరగా నొక్కినారు అనే భేదాలు కూడ ఉంటవి. అన్ని మార్గాలలో నడిచి చూడడం ఎంత గొప్ప కంపెనీకైనా సాధ్యం కాదు.

కాబట్టి కొన్ని మార్గాలలో మొట్టమొదట నడిచేవాడు వాడుకరియే. తెలిసినా తెలియకపోయినా అతడు ఒక ప్రయోగం చేస్తున్నాడు. అతడు చెప్పేది ప్రయోగ ఫలితం. దానిని ఫిర్యాదు అని మాత్రమే భావించి, ఫిర్యాదుదారును శాంతింపజేస్తే పని అయిపోయినదనుకొనేవాడు చేతికి వచ్చిన ఫలితాన్ని పారవేస్తున్నాడు.

టైలరు ఆసుపత్రిలో జరిగినది

ఈ పారవేతకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో 1985–87 మధ్య థెరాక్–25 అనే యంత్రం చూపినది. ఇది క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స చేసే యంత్రం. అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ అనే సంస్థ దీనిని తయారుచేసి, అమెరికాలో 5, కెనడాలో 6 ఆసుపత్రులకు అమ్మినది. మునుపటి యంత్రాలలో ప్రమాదాన్ని ఆపే మీటలు విడిగా ఉండేవి. ఈ యంత్రంలో ఆ భారం చాలవరకు సాఫ్ట్‌వేరుమీద పెట్టినారు.

1985 జూన్ నుండి 1987 జనవరి వరకు ఆరుగురు రోగులకు ఈ యంత్రం నుండి మితిమీరిన కిరణాలు తగిలినవి. వాషింగ్టను రాష్ట్రంలోని యాకిమా ఆసుపత్రివారు తమ రోగి చర్మంమీది గాయాలను గూర్చి కంపెనీకి వ్రాసినారు. ఇట్టి గాయం తమ యంత్రం వలన కలుగజాలదనీ, ఇటువంటి ఘటన మరొకటి లేదనీ 1986 ఫిబ్రవరిలో జవాబు వచ్చినది. అప్పటికే, 1985 జులైలో, కెనడాలోని హామిల్టనులో జరిగిన ప్రమాదం కంపెనీ ఎరిగినదే.

1986 మార్చి 21న టెక్సాస్ రాష్ట్రంలోని టైలరు పట్టణంలో ఒక రోగికి 180 రాడ్ల మోతాదు ఇవ్వబోగా, క్షణంలోపల 16,500 రాడ్లకు తగ్గని మోతాదు తగిలినదని తరువాత అంచనా వేసినారు. యంత్రపు తెరమీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అనే మాట కనిపించినది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి, పరీక్షించి, ఆ లోపాన్ని తిరిగి రప్పించలేకపోయినారు. రోగికి విద్యుత్తు తగిలియుండవచ్చునని ఊహ చెప్పినారు. విద్యుత్తు దోషమేమీ లేదని తేలిన తరువాత ఏప్రిల్ 7న యంత్రం తిరిగి పనిలోకి వచ్చినది. ఏప్రిల్ 11న అదే ఆసుపత్రిలో, అదే ఉద్యోగిని చేతిమీదుగా, అదే అంకె మరల కనిపించినది. ఆ రెండవ రోగి మూడు వారాలలో మరణించినాడు. మొదటివాడు అయిదు నెలలకు కన్నుమూసినాడు.

అప్పుడు ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేగర్, యంత్రం నడిపే ఆ ఉద్యోగిని కలిసి కూర్చున్నారు. ఆ దినం తాను ఏ మీట తరువాత ఏ మీట నొక్కినదో ఆమె జ్ఞాపకం తెచ్చుకొన్నది. ఎక్స్‌కిరణాలకు గుర్తైన అక్షరాన్ని పొరపాటున కొట్టి, వెంటనే వెనుకకు పోయి ఎలక్ట్రానులకు గుర్తైన అక్షరంగా సవరించినది. అనేకసార్లు చేసి చూడగా రహస్యం బయటపడినది. సవరణ సుమారు 8 సెకండ్ల లోపల జరిగితే, అయస్కాంతాలను సర్దే పనిలో ఉన్న సాఫ్ట్‌వేరు ఆ మార్పును గుర్తించదు. నిదానంగా టైపు చేసేవారికి ఈ లోపం రాదు. అలవాటు చేత చేయి తిరిగినవారికి వస్తుంది. కంపెనీ ఇంజనీర్లకు అది కనబడకపోవుటకు కారణం ఇదే. హేగర్ చెప్పిన విధంగా వేగంగా కొట్టి చూచిన తరువాతనే వారికి కూడ ‘54’ కనిపించినది.

ఈ కథలో ఉపాధ్యాయులు విద్యార్థులకు నొక్కి చెప్పవలసిన సంగతులు రెండు. ‘మాకు తిరిగి రాలేదు’ అనే మాటకు ‘లోపం లేదు’ అని అర్థం కాదు. రప్పించే పరిస్థితులు ఇంకా తెలియలేదని మాత్రమే అర్థం. ఇది మొదటిది. యంత్రాన్ని తయారుచేసినవారికి తెలియని విషయం దానిని ప్రతిదినం నడిపే ఉద్యోగినికి తెలిసియున్నది. ఇది రెండవది.

దీనికి తోడుగా మరొక వింత. ఇదే లోపం అంతకుముందటి థెరాక్–20 యంత్రంలో కూడ ఉన్నట్లు తరువాత తెలిసినది. చికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులు చేరినప్పుడల్లా ఆ యంత్రపు ఫ్యూజులు ఎగిరిపోయేవి. కొన్నాళ్లకు వారికి అలవాటు కాగానే నెలల తరబడి ఆగిపోయేవి. విడిగా ఉన్న రక్షణ మీటలు ప్రమాదాన్ని ఆపినవి గనుక ఎవరూ కారణం వెదకలేదు. విద్యార్థుల అడ్డదిడ్డపు టైపింగు కొన్నేండ్లుగా లోపాన్ని చాటుతూనే ఉన్నది, చదివినవారే లేకపోయినారు.

మన అక్షరం చేసిన అల్లరి

2018 ఫిబ్రవరి నడుమ ఒక వార్త లోకమంతా పాకినది. ఒక్క తెలుగు అక్షరం పంపితే ఆపిల్ కంపెనీవారి ఐఫోను కుప్పకూలుతున్నదన్నారు. ఆ అక్షరం ‘జ్ఞా’. సందేశం వచ్చిన యాప్ తెరచుకొనేది కాదు. కొన్ని సందర్భాలలో ఫోను మొత్తం తిరిగి తిరిగి మొదలయ్యేది.

తెలుగు చదివే విద్యార్థి ఈ వార్తను ఎట్లా పరీక్షించవలెను? ‘విజ్ఞానం’, ‘జ్ఞాపకం’, ‘జ్ఞాని’ – ఈ మాటలన్నిటిలో ఆ అక్షరం ఉన్నది. అదే కారణమైతే తెలుగువారి ఐఫోనులన్నీ ఎన్నడో కూలిపోయియుండవలెను. కూలలేదు. కాబట్టి వార్తలో చెప్పని అంశం ఏదో ఉండవలెను. అది కంటికి కనబడని ఒక గుర్తు. కంప్యూటరులో రెండు అక్షరాలు కలిసిపోకుండ అడ్డుపెట్టుటకు వెడల్పు లేని గుర్తు ఒకటి ఉన్నది. ‘సాఫ్ట్‌వేరు’ అనే మాటలో ‘ట్’ క్రింద ‘వ’ వత్తుగా చేరకుండ నిలిపేది అదే. జకారం, పొల్లు, ఞకారం, తరువాత ఈ అదృశ్య చిహ్నం, ఆపైన దీర్ఘం – ఈ అయిదు ఈ వరుసలో వచ్చినప్పుడే ఫోను కూలినది. మామూలుగా వ్రాసే జ్ఞా వలన ఏమీ కాలేదు.

కంపెనీకి సంబంధించని ఒక ఇంజనీరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇట్టి వరుసలే దేవనాగరిలోను, బెంగాలీలోను కొన్ని ఉన్నవని పరీక్షించి చూపినాడు. ‘తెలుగు అక్షరం’ అని పత్రికలు అన్నది ఒక్క ఉదాహరణను; ఇతడు పట్టినది ఆ ఉదాహరణ చేరిన జాతిని. మంచి పరిశీలన ఎప్పుడూ ఈ దారినే నడుస్తుంది.

ఆపిల్‌వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే సవరణను విడుదల చేసినారు. నాలుగైదు రోజులలో పని జరిగినది, ఇది మెచ్చదగినదే. అయితే, పరీక్షాదశలో ఉన్న 11.3లో ఈ లోపం అప్పటికే లేదని ఆ దినాలలోనే పత్రికలు వ్రాసినవి. మందు సీసాలో ఉన్నది; ప్రజలకు చేరినది మాత్రం గగ్గోలు పుట్టిన తరువాత. తెలుగు రానివారి ఫోనులు కూడ కూలినవి గనుక గగ్గోలు పుట్టినది. ఒక వత్తు తప్పుచోట పడడం, ఒక గుణింతం విడిపోవడం వంటి లోపాలు తెలుగు చదివేవారిని మాత్రమే బాధిస్తవి. వానికి ఇంత వేగం దొరుకుతుందని ఎవరు చెప్పగలరు?

ఒక మంచి వ్యాసం, దాని కొరత

లోపాలను ఎట్లా నివేదించవలెనో చెప్పే వ్యాసాలలో పేరుపొందినది సైమన్ టాథమ్ అనే ఆంగ్లేయుడు 1999లో వ్రాసినది. ఇతడు ‘పుట్టీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు రచయిత. చాలా భాషలలోకి అది అనువదింపబడినది. అతని బోధ సారం ఇది: వైఫల్యాన్ని ఇంజనీరు తన కళ్లతో చూడగలిగేటట్లు చెప్పండి, ఏమి చేసినారు, ఏమి జరిగినది అనేవి పూర్తిగా వ్రాయండి, చూచినదానిని, ఊహించినదానిని కలగాపులగం చేయకండి.

ఇది బడిలో ప్రయోగశాల పుస్తకం వ్రాయుటకు మనము నేర్పే పద్ధతియే. ఒక ఉదాహరణ ఊహించుకొందాము. నూజివీడు రైతు ఒకడు తన తోటను ఫోనులో నమోదు చేయబోగా యాప్ తిరస్కరించినది. ‘మీ యాప్ పనిచేయుట లేదు’ అని అతడు వ్రాస్తే ఇంజనీరుకు ఏమీ తెలియదు. ‘సర్వే నంబరు 124/2 తీసుకొన్నది, 124/2ఎ తీసుకొనలేదు, 130/1 తీసుకొన్నది, 130/1బి తీసుకొనలేదు’ అని వ్రాస్తే, అంకెల తరువాత అక్షరం వచ్చినప్పుడే చిక్కు అని ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక్క అంశాన్ని మార్చి మిగిలినవి స్థిరంగా ఉంచడం ఏ శాస్త్రంలోనైనా మొదటి పాఠం.

టాథమ్ బోధలో తప్పు లేదు; కొరత ఉన్నది. అతడు తన సాఫ్ట్‌వేరుకు వచ్చే ఉత్తరాలను తానే చదువుకొనే మనిషి. అందుచేత అవతల చదివేవాడు ఒకడున్నాడనీ, అతనికి తెలుసుకోవలెననే కోరిక ఉన్నదనీ అతని వ్యాసం ముందే అనుకొంటుంది. డబ్బు పెట్టి కొన్న వాడుకరికి ఎదురయ్యేది ఇంజనీరు కాదు, కాగితం చూచి జవాబులు చదివే సహాయకుడు. ఫోనును ఆపి మరల పెట్టమంటాడు. యాప్ తీసి మరల వేయమంటాడు. ఒక నంబరు ఇస్తాడు. కొన్నాళ్లకు ఆ నంబరు ‘పరిష్కరింపబడినది’ అని మూతపడుతుంది. సహాయకుని తప్పు ఇందులో తక్కువ. ఎన్ని లోపాలు పైకి పంపినావని గాక, ఎన్ని నంబర్లు మూసినావని అతనిని లెక్క అడిగే చోట అతడు మరేమి చేయగలడు? నివేదించే విద్యనంతా వాడుకరికి నేర్పి, వినే విద్యను అమ్మకందారుకు నేర్పకపోతే సగం పాఠమే చెప్పినట్లు. టైలరు ఉద్యోగిని చెప్పవలసినదంతా చెప్పినది. వినేవారిని సంపాదించుటకు ఆమెకు రెండవ ప్రమాదం కావలసివచ్చినది.

పద్దు ఎవరి దగ్గర ఉన్నది?

‘మీ ఒక్కరికే’ అనే మాటను ఇప్పుడు పరిశీలింతము. అది యంత్రాన్ని గూర్చిన వాక్యం కాదు. అమ్మకందారు పద్దుపుస్తకాన్ని గూర్చిన వాక్యం. ఆ పుస్తకం మనకు కనబడదు గనుక మనము కాదనలేము.

బ్రిటన్‌లో ఈ ఒక్క మాట వందల సంసారాలను కూల్చినది. అక్కడి తపాలా సంస్థ 1999 నుండి తన శాఖలలో ‘హొరైజన్’ అనే లెక్కల సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టినది. ఫుజిట్సు కంపెనీ దానిని నడిపినది. డబ్బు తక్కువైనదని లెక్క చూపినప్పుడు శాఖాధిపతులు సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ఇట్టి చిక్కు వేరెవరికీ లేదని జవాబు విన్నవారు అనేకులు. 1999–2015 మధ్య తొమ్మిది వందలమందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు మొదలైన నేరాలకు శిక్షపడినారు. 555 మంది ఒకరినొకరు కనుగొని, కలిసి దావా వేసిన తరువాత, సాఫ్ట్‌వేరులో లోపాలున్నవని 2019 డిసెంబరులో ఉన్నత న్యాయస్థానం తేల్చినది. శిక్షలను రద్దుచేస్తూ 2024లో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చినది. ఒక్కొక్కరు ఒంటరిగా ఉన్నంతకాలం ప్రతివాడూ దొంగ. కలిసిన నాడు వారే సాక్షులు.

దీనికి విరుగుడు తెరచిన పద్దు. 1998 నుండి మొజిల్లావారి ‘బగ్‌జిల్లా’లో ఎవరు నివేదించిన లోపమైనా నంబరుతో నమోదై, లోకులందరు చదువుటకు అందుబాటులో ఉంటున్నది. భద్రతకు సంబంధించిన కొన్నిటిని మాత్రం కొంతకాలం మూసి ఉంచుతారు. ఆపిల్ పద్ధతి వేరు: నివేదించినవానికి తన నివేదిక మాత్రమే కనబడుతుంది. అందుచేత 2008 నుండి కొందరు తమ నివేదికల నకళ్లను ‘ఓపెన్ రాడార్’ అనే బహిరంగ స్థలంలో తామే పెట్టుకొనసాగినారు. పద్దు మూసినచోట వాడుకరులు రెండవ పద్దు వ్రాసుకొనక తప్పదు.

తెరచిన పద్దులో కూడ ఏండ్ల తరబడి కదలని లోపాలు ఉండవచ్చును. అన్నిటినీ సవరించే మనుషులు ఏ సంస్థకూ లేరు. కాని ‘తెలుసును, ఇప్పుడు చేయలేము’ అనే జవాబు ‘అట్టిది లేనే లేదు’ అనే జవాబుకన్న నూరురెట్లు మేలు. మొదటిది విన్నవాడు వేరు దారి వెదకుకొంటాడు. రెండవది విన్నవాడు తన కళ్లనే శంకిస్తాడు.

కావలసినది

అమ్మకందారును మనము అడుగవలసినవి పెద్ద కోరికలు కావు. నివేదించిన ప్రతి లోపానికి వాడుకరి తిరిగి చూచుకొనగల నంబరు ఉండవలెను. అదే చిక్కు ఇంకెందరికి వచ్చినదో ఆ నంబరుక్రింద తెలియవలెను. ‘మాకు తిరిగి రాలేదు’ అన్నప్పుడు, ఏ ఫోనులో, ఏ విధంగా ప్రయత్నించినారో చెప్పవలెను. వాడుకరి అంగీకరించనిదే నంబరు మూయరాదు. తెలుగులో అమ్మిన వస్తువును గూర్చి తెలుగులో చెప్పుకొనే వీలుండవలెను.

ఉపాధ్యాయులు ఒక పని సులభంగా చేయవచ్చును. తరగతిలో ఒక లోపాల పుస్తకం పెట్టి, పిల్లలు వాడే యాప్‌లో, గణనయంత్రంలో కనిపించిన ప్రతి వింతనూ తేదీతో వ్రాయించండి. చేసినది ఒక గడిలో, చూచినది ఒక గడిలో, ఊహ ఒక గడిలో ఉండవలెను. మరొక విద్యార్థి అదే పని చేసి, తనకు వచ్చినదో రాలేదో క్రింద వ్రాయవలెను. రానప్పుడు ‘అబద్ధం’ అని వ్రాయరాదు. ‘నాకు రాలేదు, నేను ఇట్లా చేసినాను’ అని వ్రాయవలెను.

నూజివీడులో 2008 నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నది. పదవ తరగతి ముగించిన పిల్లలు అక్కడ చేరి, ఆరేండ్లలో ఇంజనీర్లై బయటకు వస్తారు. ఈ పత్రిక చదివే విద్యార్థులలో కొందరు రేపు సాఫ్ట్‌వేరు వ్రాసేవారి బల్లముందు కూర్చుంటారు. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి ఫోను చేసి, లోకంలో మరెవరూ చెప్పని చిక్కు ఒకటి చెప్పినప్పుడు, ‘మీ ఒక్కరికే’ అనే మాట నోటికి రాకముందు వారు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ‘మీరు ఏమి చేసినారో మొదటినుండి చెప్పండి.’